మంచుకు కూడా తేమ చూశాను

ఏప్రిల్ మొదట్లో ఆదోని బజారులో ఉన్ని టోపీ అడిగిన మనిషిని నేనే. దుకాణం పెద్దాయన ఫ్యాను కింద కూర్చుని తడిగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు. "టోపీనా? ఉన్నిదా?" అని మళ్లీ అడిగి, లేచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

"జరమేం లేదే భాయ్," అన్నాడు.

పక్కన చీరలు బేరం చేస్తున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను గొంతు సవరించుకుని, "మంచు మీద ఆటకు పోతాండాం. స్కీయింగ్," అన్నాను. గొప్పగానే అన్నాను.

"అంటే?"

"కాళ్లకు పొడుగాటి పట్టీలు కట్టుకోని కొండ మీద నుంచి జారడం."

"జారి పడేదానికి అంత దూరం యాల భాయ్? మా సందులో కాలవ పక్కన రెండు అడుగులు నడువు, సాలదా?"

చలికాలంలో అమ్ముడుపోని టోపీలు మూటలోంచి దులిపి ఇచ్చాడు. కలరా ఉండల వాసన. నాకొకటి, నా భార్యకొకటి, కూతురికొకటి, ఎమ్మిగనూరులో మగ్గం నేసే నా బావమరిదికొకటి. ఇంటికి వచ్చి అద్దం ముందు పెట్టుకు చూసుకున్నాను. చెవుల దాకా చెమట కారింది. అయినా ఆ టోపీలో నేను పెద్దమనిషిలాగే కనిపించాను నాకు.

ఎవరికీ చెప్పని సంగతి ఏమంటే, ఆ ప్రయాణం విహారం కాదు, లంచం. మా పాప పదో తరగతి పరీక్షలు రాసి అప్పుడే లేచింది. నాకు ఒక్కతే కూతురు. ఆమెను హైదరాబాదు అవతల ఎక్కడో ఉన్న ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేయాలని నా పట్టుదల. పట్టుదల అనడం కూడా నా గొప్పే. మార్కెట్ యార్డులో నాతోపాటు పత్తి కొనేవాళ్ల పిల్లలందరూ అలాంటి చోట్లనే చదువుతున్నారు. టీ కొట్టు దగ్గర వాళ్లు "మావాడు ఫలానా బ్యాచీ, మా అమ్మాయికి ఇంత ర్యాంకు" అని చెప్పుకునేటప్పుడు నేను గ్లాసు అడుగున ఉన్న టీపొడి చూస్తూ కూర్చునేవాణ్ణి. టీ తాగేటప్పుడు చెప్పుకోవడానికి నాకూ ఒక మాట కావాలి. ఉన్న ఒక్క కూతురిని రెండేళ్లు దూరం పంపడానికి నా దగ్గరున్న కారణం ఇంతే.

పాప పోనంది. ఆదోనిలోనే ఇంటర్ చదువుతానంది. మొండితనంతో కాదు. మా ఎదురింటి అమ్మాయి అలాంటి కాలేజీలోనే చదివి, పోయిన సెలవుల్లో మా ఇంటికి వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తి నిలబడింది. ఏమ్మా అంటే, "నీళ్లు తాగొచ్చునా ఆంటీ?" అనింది. నా భార్య చెంబు ఇచ్చింది. ఆ పిల్ల తాగి, చెంబు కడిగి, బోర్లించి, మళ్లీ చెయ్యి ఎత్తింది, కూర్చోవడానికి. అది చూసిన రోజు నుంచి మా పాప ఆ కాలేజీ పేరెత్తితే లేచి వెళ్లిపోయేది. నేను మాత్రం ఆ సంగతి యార్డులో చెప్పాను. "సూడండప్పా, ఎంత డిసిప్లినో!" అని.

పాప ఫోనులో మంచు మీద జారేవాళ్ల వీడియోలు చూస్తుండేది. ఇది పట్టుకున్నాను. "కాలేజీకి పోతానంటే మంచు సూపిస్తా," అన్నాను. పోతాననలేదు, పోననలేదు, "ముందు సూపియ్యి," అంది. అప్పటికే నేను కాలేజీ పీఆర్వోకు మాట ఇచ్చేసి వారం దాటింది. మా పాప ఒప్పుకుంటే పంపడం, ఒప్పుకోకపోయినా పంపడం. మంచు మధ్యలో మర్యాదకు.

ఆదోనిలో ఎక్కితే ఢిల్లీలో దిగే రైలు ఉండటం మా ఊరి భాగ్యం. ఆ రైల్లో బావమరిది నా ఎదురు సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. మగ్గానికి పది రోజులు సెలవిచ్చి వచ్చాడు. "మంచు సూడాలని కాదు బావా. టోపీలో నిన్ను సూడాలని వచ్చినా," అని ముందే చెప్పాడు. రాయచూరు దాటాక పాపను అడిగాడు.

"ఏం పాపా, మీ నాయిన ఊరికే ఇంత దూరం తోలకపోయే మనిషి కాదే. ఏంది కత?"

"కాలేజీకి పంపడానికి మామా."

"అట్లనా! అంటే సంతకు తోలేముందు ఎద్దుకు బెల్లం పెడతారే, అట్ల."

నా భార్య ఫక్కున నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అప్పుడు పాప అంది: "నాయినా, ఒక పందెం. ఆడ కొండ మీద నుంచి కింది దాకా పడకుండా జారి వస్తే నేను ఆదోనిలోనే సదువుకుంటా. పడితే నోరు మూసుకోని హాస్టల్‌కు పోతా. ఏమంటావు?"

"సరే," అన్నాను.

ఇంత తొందరగా ఒప్పుకున్నానని బావమరిదికి అనుమానం వచ్చింది. నిజానికి అది నా వృత్తి నేర్పిన తొందర. ఎదుటివాడు ఇవ్వలేనిది ఇస్తానన్నప్పుడు కొనేవాడు ఎప్పుడూ వెంటనే ఒప్పుకోవాలి. మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడని పిల్ల, నాలుగు రోజుల్లో కొండ దిగుతుందా? పడుతుంది. పడితే, నేను పంపినట్టు కాదు, తనే పోయినట్టు. నా చేతికి మట్టి అంటదు.

మనాలి చేరేసరికి వాన. ఆ వాన నాకు కొత్త కాదు గానీ ఆ చలి కొత్త. హోటలువాడు ఆకాశం చూసి, ఏప్రిల్‌లో ఇక్కడ వాతావరణాన్ని ఎవరూ నమ్మరు అన్నాడు. పొద్దున ఎండ కాస్తుంది, టీ పోసేలోగా మబ్బు, కప్పు కింద పెట్టేలోగా వడగళ్లు, కప్పు కడిగేలోగా మళ్లీ ఎండ. మర్నాడు టాక్సీ పట్టి బయలుదేరితే, ఫోటోల్లో తెల్లగా కనిపించే లోయలో పచ్చగడ్డి, బురద, బురదలో గుర్రాలు. మంచు ఏదని డ్రైవరును అడిగితే వేలు పైకి చూపించాడు. ఇంకా పైకి. అక్కడికి పోయి అడిగితే ఇంకా పైకి. మా వైపు కూడా బోరు వేసేవాడు ఇలాగే చెబుతాడు, ఇంకా కిందికి అని. చివరికి కొండ కడుపులోంచి పోయే పొడుగాటి సొరంగం దాటాక, అవతలి వైపు ఒక వాలు మీద మంచు కనిపించింది. ఎండకు కొంత కరిగి, గొర్రె బొచ్చులా మాసి ఉంది.

దారిలోనే రోడ్డు పక్క దుకాణంలో మంచు బట్టలు అద్దెకు తీసుకున్నాం. ఒంటికి ఒకటే గుడ్డ, మెడ నుంచి మడమ దాకా జిప్పు. నాకు దొరికింది గులాబీ రంగుది. నాకంటే ముందు తొడిగినవాళ్లందరి చెమట వాసన దాంట్లో ఉంది. బావమరిది నన్ను చుట్టూ తిరిగి చూసి, "బావా, యార్డులో నిన్ను ఇట్ల సూస్తే రైతులు రేటు అడగరు. ఊరికే ఇచ్చి పోతారు," అన్నాడు. నా భార్య చీర మీదనే పొడవు కోటు వేసుకుంది. ఆమె స్కీయింగ్ చేయనని ముందే చెప్పింది. "మీరు పడతా ఉంటే సూడ్డానికి ఒకరుండాల గదా."

నేర్పే కుర్రవాడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గమ్ నములుతూ వచ్చాడు. నాకు హిందీ బాగా వచ్చని ఇంట్లో అందరికీ నమ్మకం, నాకు మరీను. ఆదోనిలో సాయిబుల మధ్య పెరిగినవాణ్ణి. "జల్దీ నక్కో భాయ్, ఆహిస్తా సికావ్," అన్నాను, తొందరొద్దు, మెల్లగా నేర్పు అని. అతను కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. ఆ తర్వాత నాతో ఇంగ్లీషులోనే మాట్లాడాడు. అతనికి తెలిసిన పాఠం ఒకటే: ముందు వైపు రెండు పట్టీల కొసలు దగ్గరికి తెస్తే వేగం తగ్గుతుంది, ఆ ఆకారం పిజ్జా ముక్కలా ఉండాలి. రోజంతా "పిజ్జా! పిజ్జా!" అని అరిచాడు. తిండి దొరకని ఊర్లో తిండి పేరు వింటూ పడ్డాం.

నేను మొదట పడ్డాను. నిలబడకముందే పడ్డాను. బూటు పట్టీకి బిగించేలోగా అది నన్ను వదిలి కిందికి పోయింది, దాని వెనక నేను కూర్చున్న చోటి నుంచే పోయాను. బావమరిది కొంచెం దూరం జారి, చేతులు చాచి, ఎవరో తెలియని పంజాబీ పెద్దావిడను కావిలించుకుని ఆగాడు. ఆమె కొడుకులు నవ్వారు కాబట్టి బతికాడు. పాప చాలాసార్లు పడింది. పడిన ప్రతిసారీ నాకు లోపల సంతోషం కలిగింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ అది జరిగింది. కూతురు మంచులో ముక్కు మీద పడుతుంటే తండ్రి వాలు కింద ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడి, పరవాలేదు, పని అయిపోతుంది అనుకున్నాడు. "దెబ్బ తగిలిందా పాపా?" అని అరిచేవాణ్ణి కూడా. ఆ అరుపులో ఎంత తీపి ఉండాలో అంతా ఉండేది.

సాయంత్రానికి ఆమె పడటం తగ్గింది. వాలు మధ్యలో నుంచి రెండుసార్లు నిలబడే వచ్చింది. నా టీ చల్లారిపోయింది.

మర్నాడు తెల్లవారిన దగ్గర్నుంచి వాన. హోటలులో దిగిన అందరూ కిటికీల దగ్గర చేరి ఆ వానను బూతులు తిట్టారు. డబ్బు దండగ, సెలవు దండగ, ఖర్మ అని. మావాళ్లు ఒక్క మాట అనలేదు. మా వైపు వానను తిట్టరు. పెళ్లి పందిరి తడిసి కూలినా, "రానీలే, మంచిదే," అంటారు. చిన్నప్పుడు ఆటకు అడ్డమొచ్చిందని వానను ఒక మాట అంటే నోటి మీద దెబ్బ పడేది. పాప గాజు మీద నీటిచారలు చూస్తూ కూర్చుంది. పందెం పోతుందని ఏడుపు మొహమే గానీ, ఆమె కూడా తిట్టలేదు. "మన చేన్ల మీద పడకూడదా ఇంత వాన," అంది నా భార్య. బావమరిది తల ఊపాడు.

మా ఊళ్లో వాన వస్తే మొహం మాడ్చుకునే జాతి ఒకటే ఉంది. యార్డులో బయట పోసిన పత్తి కొనే మేము. అలాంటి నేను ఆ రోజు, జీవితంలో మొదటిసారి, వాన ఆగకూడదని మొక్కుకున్నాను. మనస్ఫూర్తిగా మొక్కుకున్నాను. మర్నాడు మాకు ఆఖరు రోజు. ఆ రోజు కూడా కురిస్తే ఆమె జారనే జారదు, జారకపోతే గెలవదు. వాన నా తరఫున పనిచేస్తోందని ఆనందపడుతూ పకోడీలు తెప్పించాను. "ఏం బావా, ఇంత ఉషారుగుండావు?" అన్నాడు బావమరిది. "చలికి," అన్నాను.

ఆఖరు రోజు ఎండ వచ్చింది. కింద కురిసిన వాన పైన మంచై పడింది. సొరంగం అవతల వాలంతా కొత్తగా, తెల్లగా, మా జిన్నింగ్ మిల్లులో గింజ తీసి పోసిన దూది గుట్టలా ఉంది. పాప పట్టీలు భుజాన వేసుకుని నిలబడింది. వాలు మీద పైన ఎర్రజెండా, కింద టీ కొట్టు. అక్కడి నుంచి ఇక్కడికి. అంతే పందెం.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పాలి. రైతు పత్తి కుప్పగా పోస్తాడు. కొనేవాడు కుప్ప పొట్టలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పెడు లాగి, పిసికి చూస్తాడు. తరువాత మొహం పెడతాడు. కనుబొమలు కొంచెం పైకి, పెదవి కొంచెం పక్కకు, చావు కబురు చెప్పేవాడిలా. "తేమ ఉందప్పా," అంటాడు. అంతటితో రేటుకు కోత పడుతుంది. తేమ చూసే యంత్రాలు వచ్చాయి గానీ ఆ మొహం మాత్రం పోలేదు. యంత్రం యార్డులో ఒప్పుకున్న సరుకును మిల్లు గేటు దగ్గర దించేటప్పుడు మళ్లీ ఆ మొహం పెట్టవచ్చు. తుగ్గలి నుంచి బండి కట్టించుకుని వచ్చినవాడు సరుకు వెనక్కి తీసుకుపోలేడు. అది మాకు తెలుసు, మాకు తెలుసని అతనికి తెలుసు. ఒకసారి కౌతాళం వైపు నుంచి వచ్చిన ముసలాయన నా మొహం చూశాడు. తన కుప్పలోంచి పిడికెడు తీసి నా చేతిలో పెట్టి, తలగుడ్డ విప్పి, "దీంతో తుడుసుకోప్పా చెయ్యి, తడి అయింటాది," అన్నాడు. నేను నిజంగానే తుడుచుకున్నాను. సెలవుల్లో పాప నాతో యార్డుకు వచ్చేది. చెట్టు నీడన కూర్చుని అంతా చూసేది. చిన్నప్పుడు ఇంట్లో అన్నం ముద్ద పిసికి ఆ మొహం పెట్టి వాళ్లమ్మను నవ్వించేది.

ఆ ఎండలో, ఆ కొత్త మంచు ముందు, నేను ఏం చేశానంటే వంగి మంచులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చాను. గుప్పెడు తీసి పిసికాను. నీళ్లు కారాయి. మంచు పిసికితే నీళ్లు కారక ఏం కారుతాయి? తల అడ్డంగా ఊపాను.

"తేమ శానా ఉంది పాపా. ఈ పొద్దు పనికిరాదు."

నా భార్య నన్ను చూసింది. పాప నా చేతిని చూసింది, తర్వాత నా మొహాన్ని చూసింది.

"ఎవురికి పనికిరాదు నాయినా? అమ్మేటోనికా, కొనేటోనికా?"

బావమరిది మంచులో చతికిలపడి నవ్వాడు. "మంచుకు కూడా కోత ఏస్తాడే ఈ మనిషి! దేవుడు బండి యాడికి మళ్లించుకోని పోవాలప్పా!" నేర్పే కుర్రవాడు కూడా, ఏమీ అర్థం కాకపోయినా, నవ్వాడు. పాప నవ్వలేదు. పట్టీలు భుజం మార్చుకుని పైకి నడిచింది. నాకు తెలిసిన నడక. పత్తి తిరిగి బండికెత్తుకునే రైతులు అలా నడుస్తారు.

ఆమె జెండా దగ్గరికి చేరేలోగా ఎండ పోయింది. లోయ కింద నుంచి పొగలా మబ్బు ఎక్కింది. సన్నగా, రవ్వలాగా మంచు పడటం మొదలైంది. "దిగి రమ్మను, ఏమీ కనపడదు," అన్నాను. అది భయమో, పందెమో, ఇప్పుడు వేరు చేయలేను. నా భార్య, "దిగే వస్తాది లే. గమ్మునుండు," అంది.

కొంతసేపు ఏమీ లేదు. తర్వాత మబ్బులో నీలం చుక్క కనిపించింది. పాప వేసుకున్న అద్దె గుడ్డ. మోకాళ్లు వంచి, చేతులు ముందుకు పెట్టి, అటొక వంపు ఇటొక వంపు తిరుగుతూ వస్తోంది. అందంగా ఏమీ లేదు. భయంతో నోరు తెరుచుకుని ఉంది. కానీ పడలేదు. సగం దాటింది. వాలు కింద పడి ఉన్న రాళ్లు దాటింది. "పిజ్జా!" అని కుర్రవాడు అరిచాడు. "రా తల్లీ రా!" అని బావమరిది. టీ కొట్టు ఇంకా ఇరవై గజాలు కూడా లేదు.

నేను ముందుకు నడిచాను. చేతులు చాచి, "బ్రేకు! బ్రేకు!" అని అరుస్తూ, గులాబీ రంగు గుడ్డలో, ఆమె వచ్చే దారికి అడ్డంగా నడిచాను. అంత దగ్గరలో చప్పున తప్పుకునేంత నేర్పు ఆమెకు ఇంకా రాలేదు. ఇద్దరం కలిసి పడ్డాం. ఒక పట్టీ ఊడి టీ కొట్టు దాకా తనంతట తానే పోయింది. అది గెలిచినట్టుంది.

మంచులోంచి తల ఎత్తి నేను అన్న మొదటి మాట, "పడినావు."

దెబ్బ తగిలిందా అనలేదు. లే అనలేదు. పడినావు అన్నాను. బావమరిది నవ్వు అక్కడే ఆగిపోయింది. నా భార్య వచ్చి పాపను లేపి, జుట్టులో మంచు దులిపి, మోచేయి తడిమి చూసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"కావాలనే అడ్డం పోయినావా?"

"పట్టుకుందామని పోయినా. వేగంగా వస్తాంటే భయమాయె."

పాప రెండో పట్టీ తనే విప్పుకుంది. ముక్కు తుడుచుకుని, "సరే నాయినా. పడినా గదా. పోతా హాస్టల్‌కు," అంది. ఏడవలేదు. కోపం కూడా లేదు. యార్డులో ఆఖరు రేటు విన్నాక రైతులు ఇంత నెమ్మదిగానే మాట్లాడతారు. ఆ నెమ్మది విని, ఒప్పుకున్నాడు అని మేం సంతోషపడతాం.

తిరుగుదారిలో సొరంగం ముందు బండ్లు ఆగిపోయాయి. కొండచరియ కొంచెం జారిందట, మట్టి తీస్తున్నారు. టాక్సీ మీద ఒకసారి వాన, ఒకసారి వడగళ్లు. లోపల నలుగురం, డ్రైవరు. బావమరిది నన్ను ఎగతాళి చేయలేదు. ఇరవై ఏళ్లుగా నన్ను ఎగతాళి చేయకుండా పది నిమిషాలు ఉండని మనిషి, అద్దం మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. అప్పుడు నా ఫోను మోగింది. వేళ్లు కొయ్యబారి ఉన్నాయి, ఎక్కడో నొక్కాను, మాట బండి అంతా వినిపించింది.

"సార్, నమస్తే! పాపని ఎప్పుడు తీసుకొస్తున్నారు? బ్రిడ్జి క్లాసులు మొదలయ్యాయి. సీటు పోయిన నెలలోనే మీరు ఖాయం చేశారు కదా, లేటు చేస్తే పాపకే నష్టం సార్."

పీఆర్వో. డ్రైవరుకు తప్ప అందరికీ అర్థమైంది. పాప ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"పోయిన నెలలోనా?"

చెప్పడానికి నా దగ్గర చాలా మాటలు ఉన్నాయి. ఆ పని చేసి బతికేవాణ్ణి, మాటలకు కరువా? అప్పుడు ఊరికే ఆ విషయం కనుక్కున్నానని చెప్పొచ్చు. పేరు మాత్రమే ఇచ్చానని చెప్పొచ్చు. నా భార్య కూడా చూస్తోంది, ఏ మాట ఎంచుకుంటానో అని.

"అంటే నేను పడకున్నా పంపేటోనివే," అంది పాప.

"అవును," అన్నాను.

"హలో? సార్? వినపడుతోందా?" అంటున్నాడు పీఆర్వో.

"వినపడతాంది. మా పాప రాదు సార్."

"ఏమైంది సార్? పాపకి భయమా? మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది. మీరు మనసు గట్టి చేసుకోండి. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ దొరకదు సార్, మీ ఇష్టం, పిల్ల భవిష్యత్తు..." అతని మొహం నాకు కనపడలేదు గానీ కనుబొమలు ఎక్కడున్నాయో, పెదవి ఎటు పోయిందో చెప్పగలను. ఇరవై ఏళ్లు అది నా మొహం. ఎదుటివైపు నిలబడి వినడం అదే మొదటిసారి. ఇంత అసహ్యంగా ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేను చెయ్యి తుడుచుకుని ఉంటాను.

"ఇయ్యను సార్," అని ఫోను పెట్టేశాను.

"ఇయ్యనేందయ్యా?" అంది నా భార్య. "అదేమన్నా బస్తానా?"

అప్పుడు బావమరిది మొదటిసారి నోరు తెరిచాడు. "పోనీలేక్కా, బావకు ఆ బాస తప్ప ఇంకో బాస రాదు." పాప ముందుకు తిరిగి కూర్చుంది. ఆమె నన్ను చూసి నవ్వుతుందని, నాయినా అని చెయ్యి పట్టుకుంటుందని నేను ఎదురుచూశాను. మంచి పని ఒకటి చేశాను కదా, వెంటనే ముట్టాలి కదా నాకు. ఆమె టోపీ కిందికి లాక్కుని కళ్లు మూసుకుంది. రైల్లో కూడా నాతో పెద్దగా మాట్లాడలేదు. వాళ్ల మామతో పేకాట ఆడింది. నేను మూడో చెయ్యి వేస్తానంటే, "ఇద్దరికే సరిపోతాది నాయినా," అంది.

ఇంటికి వచ్చాక కూడా అంతే. కోపంగా మాట్లాడదు, అడిగినదానికి జవాబు చెబుతుంది. ఒక్కటే మారింది. నేను ఏదైనా చెబితే, "అవునామ్మా?" అని వంటింట్లోకి కేక వేసి అడుగుతుంది. రేపు కరెంటు ఉండదంట అన్నా, ఎమ్మిగనూరు బస్సు పోయిందంట అన్నా, అవునామ్మా. వాళ్లమ్మ అవునంటేనే నమ్మేది. నా భార్య ఒక్కోసారి కావాలనే జవాబు ఆలస్యం చేసేది.

జూన్‌లో ఆదోనిలోనే ఒక జూనియర్ కాలేజీలో చేర్చడానికి ఆమెను స్కూటర్ మీద తీసుకుపోయాను. ప్రిన్సిపాల్ పెద్దాయన. మార్కులు చూసి ఆశ్చర్యపోయాడు. "ఇంత మంచి మార్కులు పెట్టుకోని, అందరూ హైదరాబాదు పోతాంటే నువ్వు ఈడ చేరుతాండావేమ్మా?"

"మా నాయిన పందెం ఓడిపోయినాడు సార్," అంది పాప.

ఆయన నవ్వి, పెన్ను కింద పెట్టి, నా వైపు తిరిగాడు. "పందెమా? ఏం పందెమప్పా?"

నేను పాప వైపు చూశాను. ఏదో ఒకటి చెప్పి తప్పిస్తుందేమోనని. "నువ్వే సెప్పు నాయినా," అంది.

చెప్పాను. మంచు సంగతి, వాలు సంగతి, గులాబీ గుడ్డ సంగతి. ఆయన బాగా నవ్వాడు, గుమాస్తాను కూడా పిలిచి వినమన్నాడు. నేనూ ఊపులో చెప్పాను, మంచులో చెయ్యి పెట్టి తేమ చూసిన దగ్గర గుమాస్తా కళ్లు తుడుచుకున్నాడు. పాప జెండా దగ్గర్నుంచి కిందికి వచ్చేసింది, ఇంకో నాలుగు బారలు ఉంది, అని అక్కడ ఆగాను.

"పడిందా?" అన్నాడు ప్రిన్సిపాల్.

పాప బల్ల మీద ఉన్న తన మార్కుల కాగితం చూస్తోంది. తల ఎత్తలేదు. అవునామ్మా అని అడగడానికి అక్కడ వాళ్లమ్మ లేదు.

"లేదు సార్. నేను అడ్డం పోయి పడగొట్టినాను," అన్నాను. గుమాస్తా నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు. "పట్టుకునేదానికి పోయినా అని ఇంట్లో సెప్పినా. పట్టుకునేదానికి కాదు సార్. గెలుస్తాందని పోయినా."